పిడకల బూడిద కలిపిన కందెన

"అమ్మి పారేద్దామమ్మా. రేపు పొద్దుగాల కొనేటాయన వస్తుండు. మాట గూడ ఇచ్చిన."

"ఎవర్నడిగి ఇచ్చినవురా మాట?"

"ఎవర్నడగాలె? జీపు నా పేరు మీదుంది."

"పేరు నీది. తోటకు పోయేది ఎవరు? నువ్వు నాగర్‌కర్నూల్ల ఫ్యాన్ కింద కూసుంటవు. ఐతారమొస్తె వచ్చి మామిడిచెట్ల పక్కన నిలబడి సెల్‌ల ఫోటో కొట్టుకొని పోతవు."

"నీతోని మాట్లాడలేను. మెకానిక్ చెప్పిండు, ఫోర్‌వీల్ డబ్బ ఖరాబైందట. లోపల గేరు చక్రాల పండ్లు అరిగినయట. ఆడోళ్లు నడిపితె గిట్లనే అయితదన్నడు."

"డబ్బ ఇప్పి చూసిండా?"

"ఇప్పేదెందుకు? చప్పుడు ఇన్నడు. చాలు."

"అంటె చెవులతోని చూసిండన్నట్టు."

కొడుకు మంచం మీద అటు మొఖం చేసి కూసున్నడు. కోడలు వాకిట్ల గిన్నెలు తోముతున్నది. తల ఎత్తలే. కాని చేతిల పీసు ఎంతసేపైనా ఒకటే గిన్నె మీద తిరుగుతున్నది. ఆ గిన్నె అప్పటికే అద్దమోలె మెరుస్తున్నది.

మా తోట కొల్లాపూర్ అవతల, కృష్ణ దిక్కు దిగే ఏటవాలు మీదుంటది. వానలు పడ్డంక ఆ నల్లరేగడి బాట సబ్బోలె అయితది. మోటరుసైకిల్ మీద పోయినోడు మోటరుసైకిల్‌ను మోసుకుంట వస్తడు. ముందు రెండు, వెనక రెండు, నాలుగు చక్రాలూ తిరిగే జీపైతేనే ఎక్కుతది. ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచేదానికి గేరుడబ్బ వెనక ఇంకో చిన్న డబ్బ ఉంటది. అందుకే ఆ జీపుల గేరుకట్టె పక్కన ఇంకో పొట్టికట్టె ఉంటది. ఆ చిన్న డబ్బల నూనె వేరే. అది మార్చక ఎన్నేండ్లయిందో ఇంట్ల ఎవరికీ తెల్వదు. మా ఆయన ఉన్నప్పుడు మార్చిండేమో.

ఆయన పోయినంక జీపు ఏడాది పాటు రేకుల కింద కోళ్లు గుడ్లు పెట్టుకునేటందుకు పనికొచ్చింది. నేనే కోడలితోని అన్న, "నేర్చుకో" అని. ఆ పిల్ల భయపడ్డది. "నేర్చుకునేదాక తోటకు నడిచే పోవాలె, ఆటోకు పైసలియ్య" అన్న. నెల తిరగకముందే నేర్చుకున్నది. ఇప్పుడు మందు బస్తాలు ఏసుకపోతది, కూలోళ్లను ఎక్కించుకపోతది, కాయను మార్కెట్టుకు తెస్తది. జీపు పోతె ఆ పిల్ల మళ్ల ఎవని మోటరుసైకిల్ వెనకనో కూసోని, వాడు వచ్చినప్పుడు పోయి, వాడు రమ్మన్నప్పుడు రావాలె. నా కొడుకుకు అది అర్థం కాదు. వానికి అది పాత ఇనుము.

ఆడోళ్లు నడిపితె గిట్లనే అయితదట. ఆ మాట నాకు కొత్త కాదు. తొమ్మిదో పదో ఏండ్లప్పుడు ఒకపారి ఇన్న. అప్పుడది నా మీదనే పడ్డది.

మా తల్లిగారి ఊరు అమరచింత దిక్కు. అంత ఎర్రచెల్క. వాన కనికరిస్తె జొన్న, కంది. కనికరించకపోతె ఆముదం. ఆముదం చెట్టుకు వానతోని పెద్దగ పని లేదు, మా ఇంటి ఆడోళ్లకు తిండితోని పని లేనట్టు. చలి మొదలయ్యే యాళ్లకు గెలలు కోసి, వాకిట్ల ఎండబోసి, కట్టెలతోని కొడుతుంటిమి. కాయ పగిలి గింజ ఎగిరి మొఖానికి తగులుతుండె. సుక్కల సుక్కల గింజలు, ఒక్కోటి ఒక్కో తీరు. మేము పిల్లలం వాటిల అందమైనవి ఏరి దాచుకుంటుంటిమి. అవ్వ చూసిందంటె పిడికిలి విప్పించి మళ్ల కుప్పలనే ఏయిస్తుండె.

అవ్వంటె మా నాయిన తల్లి. నూనె తీసుడు ఆమె పని. గింజల్ని మంగలంల ఏయించి, రోట్లేసి దంచి, ఆ ముద్దను పెద్ద కుండల నీళ్లు పోసి ఉడకబెడుతుండె. ఉడికినకొద్ది నూనె పైకి తేలుతది. గరిటెతోని పైపైన తీసి ఇంకో గిన్నెల పోసి మళ్ల కాస్తుండె. చిటపట అనుడు ఆగిందంటె నీళ్లు పోయినట్టు. ఆ వాసన బాగుంటదని ఎవరూ అనరు. గొంతుల పడ్డట్టు ఉంటది, బట్టలకు పడుతది, రొట్టెకు గూడ పడుతది. మా బడిల పంతులు నన్ను వెనక వరసల కూసోబెట్టింది ఆ వాసనకే. ఆ పొయ్యి మీదనే ఇంకో దిక్కు అనపకాయలు ఉడుకుతుండె. ఉప్పేసి ఉడికించిన అనపగింజల్ని వేడివేడిగ ఒడిల పోసుకొని, పొట్టు ఊదుకుంట తింటుంటె చలి తెలుస్తలేకుండె. ఇప్పటికీ అనపగింజలు తింటె నాకు ఎనక నుంచి ఆముదం వాసన వస్తది. రాకపోతె గింజలు బాగలేవంట.

ఆ నూనె తలకు, దీపానికి, పసిపిల్లల కడుపుకు. మిగిలింది బండికి.

మా నాయినకు ఒక బండి, రెండెడ్లు. మా ఆముదాలే కాదు, ఊరోళ్ల ఆముదాలు గూడ కిరాయికి మార్కెట్టుకు ఏసుకపోతుండె. ఆ బండే మాకు చేను కంటె ఎక్కువ అన్నం పెట్టింది. బండి చక్రం తిరిగే ఇరుసుకు కందెన పెట్టాలె. గడ్డి కాల్చిన మసిని ఆముదంల కలిపి రుద్దితె నల్లగ, చిక్కగ కాటుకోలె అయితది. అదే కందెన. దాన్ని ఒక వెదురుగొట్టంల పోసి బండి కింద ఏలాడదీస్తుండె. బండి నడుస్తుంటె ఆ గొట్టం అటు ఇటు ఊగుతుండె.

ఆ బండి దిక్కు మేము ఆడిపిల్లలం పోవద్దు. కాడి దాటొద్దు, ఇరుసు ముట్టొద్దు. దాటితె ఎద్దుకు కాలు విరుగుతది, ముట్టితె ఇరుసు విరుగుతది. ఈ కాయిదాలన్నీ మా చిన్నాయినవి. నాయిన తమ్ముడు, పక్క ఇంట్ల ఉంటుండె. ఆయనకు బండి లేదు. మా బండి మీద మాత్రం ఆయనకు చానా పట్టింపు.

"ఆ పోరి కాడికాడ ఏం చేస్తుందే?" అని దూరం నుంచే ఒర్రుతుండె. నేను కాడికి జానెడు దూరంల కూసోని మట్టిల గీతలు గీస్తుంటి. ముట్టలేదుగద, ఏమంటడు? ఆయన ఇంట్లకు పోయినంక ఒక్క ఏలుతోని కాడిని ముట్టి వస్తుంటి. ఎద్దు కాలు విరిగిందా అని సాయంత్రం పోయి చూస్తుంటి. ఏ రోజూ విరగలే.

ఆ ఏడు గడ్డి తక్కువ. గడ్డివాము ఎడ్లకే చాలదు. వెదురుగొట్టం ఖాళీ అయిందని, గడ్డి కాల్చి మసి చెయ్యాలెనని నాయిన పొద్దున అనుకుంట పోయిండు. నాకు చిన్నప్పటి నుంచి ఏదైనా కాలబెట్టుడంటె పానం పోయినట్టుంటది. మంచి గడ్డిని కాల్చి మసి చేసుడేంది? పొయ్యిల బూడిద ఉండనే ఉన్నది. అది గూడ నూనె తగిలితె నల్లగనే అయితది. పిడకలు కాలిన బూడిద, అడుగున మెత్తగ ఉన్నది తీసిన. ఆముదం పోసి కట్టెపుల్లతోని కలిపిన. అచ్చం నాయిన చేసినట్టే అయింది. ఎవరూ లేంది చూసి, గొట్టం నింపి, మళ్ల దాని జాగల తగిలిచ్చి, చేతులు చింతపండుతోని కడుక్కున్న. ఎడ్లకు ఒక పూట గడ్డి మిగిలిచ్చిన అని లోపల సంబురం.

నాయిన గొట్టం నిండిందని చూసి అవ్వ నింపిందనుకున్నడు. అవ్వ నాయిన నింపిండనుకున్నది. నాయిన కందెన పెట్టి, బస్తాలేసుకొని పోయిండు.

నాలుగో రోజుకు బండి అరుసుడు మొదలుపెట్టింది. మామూలు కిర్రుమనుడు కాదు. పానం పోయే జంతువు అరిచినట్టు. ఊరి అవతల కంకర బాట మీద తిరిగితె మా పొయ్యికాడ ఇనిపించింది. దారెంబడి జనం చూసి నవ్విండ్రట. ఒకామె ఎదురొచ్చి చెవులు మూసుకున్నదట. నాయిన బండి వాకిట్ల ఆపి, కాడి దించి, ఎడ్లను కట్టేసి, అరుగు మీద కూసున్నడు.

చిన్నాయిన బండి చుట్టు మూడు తాపలు తిరిగిండు.

"ఇరుసు పోయిందన్నా. గిది ఇంక లాగది. నేను ముందే చెప్పిన, ఆడిపిల్లలు కాడికాడ తిరుగుతున్నరు అని. ఇన్నరా నా మాట? గిట్లనే అయితది."

"ఇప్పుడేం చేయాలెరా మరి?" అన్నడు నాయిన.

"ఏం చేస్తం? అమ్మాలె. విరిగినంక కట్టెలకు గూడ ఎవరూ కొనరు. ఎడ్లు నాకియ్యి, నేను చేన్ల కట్టుకుంట."

ఎడ్లు అడిగిండు సూడు, అప్పుడు నాకు తెలిసింది ఆయన పట్టింపు దేని మీదనో.

నాయిన తెల్లారి బండ్లు చేసే వడ్ల ఆయన్ని పిలిచి చూపిస్తనన్నడు. వడ్ల ఆయన గూడ వచ్చి, చెవి పెట్టి ఇని, తల ఊపి పోయిండు. చెప్తె చిన్నాయిన మాటే నిజమైతది, ఆడిపిల్ల ముట్టింది కాబట్టే ఇరుసు పోయిందని ఊరంత అంటది. చెప్పకపోతె బండి పోతది. నేను బండి వెనక కూసోని గోర్లు కొరుక్కుంటున్న.

అవ్వ వచ్చింది. ఆమెకు నడుము వంగింది కాబట్టి ఇరుసు కాడికి వంగనవసరం లేకుండె. చక్రం నడుమ బొక్క అంచుకు ఏలు పెట్టి ఇంత కందెన తీసింది. బొటనవేలు, చూపుడువేలు నడుమ పెట్టి రుద్దింది. ఇంకోపారి రుద్దింది. నా దిక్కు చూసింది.

"ఇటు రా. చెయ్యి పట్టు."

నా ఏళ్ల నడుమ అది పెట్టింది. "రుద్దు."

రుద్దిన.

"ఏం తగులుతున్నది?"

"...గరుకు."

"ఏం గరుకు?"

"ఇసుక."

"గడ్డిమసిల ఇసుక ఉంటదా?"

నేను ఏళ్లు లంగకు తుడుచుకున్న.

"పిడకలు యాడ చేస్తవు నువ్వు?"

"నేల మీద."

"నేల మీద ఏముంటది?"

ఇంక దాచేదానికి ఏం మిగలలే. గడ్డి మిగులుతదని చేసిన అని ఏడ్చుకుంట చెప్పిన. చిన్నాయిన చప్పట్లు కొట్టినంత పని చేసిండు.

"ఇన్నవా అమ్మా, ఇన్నవా అన్నా? నేననలే? ఆడిపిల్ల చెయ్యి పడ్డది, ఇరుసు అరిచింది!"

అవ్వ నడుము కొంచెం లేపింది. "దాని చెయ్యి పడ్డందుకు అరవలే. పిడకల బూడిద పడ్డందుకు అరిచింది. నువ్వు ఏసినా గట్లనే అరుస్తుండె. నీ చెయ్యి ఏమన్న బంగారమా?"

"అమ్మా, నీకు తెల్వదు..."

"నాకు తెల్వదా? నీ తాత కాలం నుంచి ఈ కందెనకు నూనె తీస్తున్నదెవరు? మూసుకొని మొద్దు తీస్కరా. బండి లేపు. గీ పోరి పాడు చేసింది, గీ పోరే బాగు చేస్తది."

నేను ఉరికిపోయి చక్రానికి పెట్టిన చీల పీకబోయిన. అవ్వ నా చేతి మండ మీద ఒక్కటి ఏసింది. "ముందు పెట్టేది తయారున్నదా? అది లేకుంట ఉన్నది ఊడదీస్తవా? బండి బోర్ల పడి ఉంటె అప్పుడు గడ్డి ఎతుకుతవా?"

ముందు గడ్డి తెచ్చి కాల్చిన, ఎడ్ల మొఖం చూడకుంట. మసిని పాతచీర గుడ్డల ఏసి జల్లించిన. నూనె పోసి బండ మీద ఏసి రుద్దిన. అవ్వ ఏళ్ల నడుమ పెట్టి చూసి "ఇంక" అన్నది. మళ్ల రుద్దిన. "ఇంక." మోచేతులు గుంజినయి. నాలుగోపారి ఏమనలే. అప్పుడు చిన్నాయిన పండ్లు కొరుక్కుంట బండి ఎత్తి పట్టుకున్నడు, నాయిన చక్రం గుంజిండు, నేను ఇరుసును నూనెగుడ్డతోని తుడిచిన. ఇసుక రేణువు తగలకుండేదాక తుడిచిన. ఇరుసు మీద గీతలు పడ్డయి, కాని విరగలే. కొత్త కందెన నా చేతులతోనే పెట్టిన.

బండి కదిలిచ్చిండ్రు. ఎడ్ల మెడ గంటలు తప్ప ఏం చప్పుడు లేదు.

అవ్వ నన్ను మెచ్చుకోలే. "కందులు ఏరేది ఉంది, పో" అన్నది. ఆ చలికాలం అయిపోయేదాక గొట్టం నింపింది నేనే. ఆ ఏడే మూడో తరగతిల నన్ను బడి మాన్పిచ్చిండ్రు. ఇంకొన్నేండ్లకు నేను పెద్దమనిషినైన, బండి దిక్కు మళ్ల పోనియ్యలే. అప్పటికి అవ్వ లేదు. ఉండి ఉంటె ఏమంటుండెనో అని అప్పుడప్పుడు అనుకుంట. తర్వాత ట్రాక్టర్లొచ్చినయి, ఆ బండి పొయ్యిలకు పోయింది. ఆముదం చేన్లల ఇప్పుడు పత్తి. ఆ ఊర్లె కందెన అంటె ఏందో తెలిసినోళ్లను ఒక చేతి ఏళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోయినయి పోనియ్. నా ఏళ్లు నాకున్నయి.

"పిల్లా, గిన్నె పగులుతది. లేచి రా" అన్న కోడలితోని. "ఆ డబ్బల నూనె మార్చేది నీకు వచ్చునా?"

ఆమె నా కొడుకు దిక్కు చూసింది. తర్వాత నా దిక్కు చూసింది. "వీడియోల చూసిన అత్తమ్మా. నూనె గూడ తెచ్చిన."

"యాడుంది?"

"పల్లికాయ సంచుల వెనక."

కొడుకు మంచం మీద నుంచి లేచిండు. "అంటె ఇద్దరు కూడబలుక్కున్నరా?"

"లేదు. ఆమె తెచ్చింది, నేను ఇప్పుడే ఇన్న. మంచి పని చేసింది."

కోడలు ఇంకో మాట చెప్పింది, మెల్లగ. "అత్తమ్మా, ఒకపారి తప్పు చేసిన. తోట దిగి తారురోడ్డు ఎక్కినంక ఫోర్‌వీల్ తియ్యుడు మర్చిపోయిన. ఊరు వచ్చేదాక గట్లనే తెచ్చిన. గట్టి రోడ్డు మీద గట్ల నడపొద్దు."

"సూడు, ఒప్పుకుంటున్నది!" అన్నడు కొడుకు.

"ఒకపారి మర్చిపోయింది. మర్చిపోయేది ఆడోళ్లే కాదు. పోయిన ఐతారం నువ్వు అద్దాలు ఇక్కడ మర్చిపోయి పోలే?"

ముందు జీపును ఊరి చివరిదాక తిప్పి తెమ్మన్న, నూనె వేడెక్కి పల్చగ కావాలె. తెచ్చి, వాకిట్ల సమంగున్న బండల మీద నిలబెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టింది. కిందికి దూరి పడుకున్నది. నేను పక్కన పీట ఏసుకొని కూసున్న. ఆ డబ్బకు రెండు బిరడలుంటయి, పక్కన పైకి ఒకటి నూనె పోసేది, కింద ఒకటి నూనె తీసేది. ఆమె చెయ్యి కిందిదాని మీదికి పోయింది.

"ఆగు!" అన్న. "పోసేది ఇప్పుకో ముందు. అది రాకపోతె, ఉన్నది తీసి ఏం చేస్తవు?"

పోసేది రాలే. ఏండ్ల తుప్పు. పాన జారింది, ఆ పిల్ల ఏళ్లకు చెక్కుకపోయింది. కొడుకు నవ్విండు. "నేననలే?"

అది చిన్నాయిన నవ్వే. వాడెప్పుడూ చిన్నాయినను చూడలే.

"బోరుపైపు ముక్క తీస్కరాపో" అన్న వానితోని. కదలలే. నేనే పోయి తెచ్చిన. పైపును పాన పిడికి తొడిగితె పొడుగైతది, బలం పెరుగుతది. కోడలు రెండు కాళ్లు చక్రానికి తన్నిపెట్టి గుంజింది. టక్కుమన్నది. బిరడ కదిలింది. ఆమె కింద నుంచి నవ్వింది. వాడు నవ్వుడు ఆపిండు.

తర్వాత కిందిది ఇప్పింది. నూనె నల్లగ, వేడిగ కింద పెట్టిన ఇనుప తట్టలకు కారింది. ఉండాల్సినంత లేదు, సగమే ఉంది. సగం నూనెతోని ఏ డబ్బయినా అరుస్తది. బిరడకు కాటుకలాంటిది అంటుకోని ఉంది. ఆమె తుడవబోతె ఆపి, నేను తీసుకున్న. బొటనవేలు, చూపుడువేలు నడుమ పెట్టి రుద్దిన. ఇంకోపారి రుద్దిన.

"ఇటు రారా. చెయ్యి పట్టు."

"నాకెందుకమ్మా? ఆఫీసు చొక్కా..."

"చెయ్యి పట్టమన్న."

పట్టిండు. వాని ఏళ్ల నడుమ పెట్టిన. "రుద్దు. ఏం తగులుతున్నది?"

చానాసేపు రుద్దిండు. "ఏం లేదు. మెత్తగుంది."

"పండ్లు అరిగితె ముక్కలుంటయి, ఇసుకోలె తగులుతయి. మీ మెకానిక్ చెవుల పెట్టుకున్నది నువ్వు ఏళ్ల పెట్టుకున్నవు. ఇప్పుడు చెప్పు, అమ్ముతవా?"

వాడు చొక్కా చేతులు మడిచిండు. చెట్లకు మందు కొట్టే పంపు పైపు తెచ్చి, గరాటకు తొడిగి, పైన నిలబడి పట్టుకున్నడు. కోడలు కింద బిరడ బిగించింది. వాడు పై నుంచి కొత్త నూనె పోసిండు. పోసే బొక్క నుంచే తిరిగి చుక్కచుక్క కారేదాక పోసిండు. "చాలు, చాలు!" అని ఆమె కింద నుంచి ఒర్రింది. ఆమె మొఖం మీద గూడ ఇంత పడ్డది. పాత నూనెను నేను డబ్బల పోసి మూత పెట్టిన. గేటు బందులకు, తోట గుంజలకు చెదలు పట్టకుంట పూసేదానికి పనికొస్తది.

పొద్దు మునిగే లోపల ఒక తిరుగుడు తిరిగి వచ్చిండ్రు. చప్పుడు పూర్తిగ పోలే. సగం పోయింది. సగం ఉంటె ఉండనియ్, నా మోకాళ్లు గూడ చప్పుడు చేస్తయి.

తెల్లారి పొద్దున ఏడింటికి కొనేటాయన వచ్చిండు. వాకిట్ల జీపు లేదు, బండల మీద నూనె మరక ఉన్నది. నేను అరుగు మీద కందులు ఏరుతున్న.

"జీపేది పెద్దమ్మా?"

"తోటకు పోయింది."

"రాత్రి వానకు బాటంత బురదుంటది గద. ఎవరు తీస్కపోయిండ్రు?"

"నా కోడలు."

"మరి మీ కొడుకు?"

"పక్కన కూసున్నడు. చాయ్ తాగుతవా?"

తాగిండు. గిలాస బోర్లించి పోయిండు.